మీరు ఏఐకి చెప్పిన నాలుగు ముక్కలే నాకు పంపండి

ఈ ఏడాది అప్రైజల్స్ చదవడం పోయిన వారమే అయిపోయింది. మా టీమ్‌లో ఎవరికి వాళ్లు ఏడాది పొడుగునా చేసిన పని గురించి రాసి ఇస్తారు. అవి చదివి, పైవాళ్ల దగ్గర వాళ్ల తరఫున మాట్లాడాల్సింది నేను. ఇదివరకు ఈ కాగితాలు ఎవరూ ఇష్టంగా రాసేవాళ్లు కాదు. గడువు రోజు రాత్రి కూర్చుని గబగబా రాసి పంపేసేవాళ్లు. అక్షరదోషాలు ఉండేవి, సగంలో ఆగిపోయిన వాక్యాలు ఉండేవి, ఒకరిద్దరైతే చేసిన ముఖ్యమైన పనే మర్చిపోయేవాళ్లు. ఈసారి ఒక్క తప్పు లేదు. అన్నీ నిండుగా, చిన్న చిన్న శీర్షికలతో, పద్ధతిగా ఉన్నాయి. కానీ పేరు మీద చెయ్యి అడ్డం పెట్టి చదివితే అది ఎవరిదో చెప్పలేను. ఏళ్ల తరబడి పక్కపక్కన కూర్చుని పనిచేసిన మనుషులు వాళ్లు పంపిన కాగితాల్లో నాకు కనిపించలేదు.

ఒకతని దాంట్లో కీలక వ్యవస్థల విశ్వసనీయతను గణనీయంగా మెరుగుపరచడంలో క్రియాశీల పాత్ర పోషించాను అనే అర్థం వచ్చే వాక్యం ఉంది. అతను ఏం చేశాడో నాకు తెలుసు. రాత్రిపూట సర్వర్లలో దానంతటదే నడిచే ఒక ప్రోగ్రామ్, మేము జాబ్ అంటాం, అప్పుడప్పుడు ఆగిపోతుండేది. రోజూ ఆగితే ఎవరో ఒకరు పట్టుకునేవాళ్లే. ఎప్పుడో ఒకసారి కాబట్టి, మళ్లీ రన్ చేసి అందరూ ఊరుకునేవాళ్లు. ఇతను మాత్రం లాగ్స్ పక్కపక్కన పెట్టుకుని కూర్చుని, రెండు సర్వర్ల గడియారాల మధ్య కొన్ని సెకన్ల తేడా ఉందనీ, ఒకటి ఫైలు రాయడం పూర్తికాకముందే రెండోది దాన్ని చదవడానికి వచ్చేస్తోందనీ కనిపెట్టాడు. సరిచేశాక ఆ జాబ్ మళ్లీ ఆగలేదు.

ఇదంతా ఎందుకు రాయలేదని పిలిచి అడిగాను. "రాశాను సార్. అది అలా మార్చింది" అన్నాడు. ఏఐతో చేసిన చాట్ తెరిచి చూపించాడు. "నైట్ జాబ్ అప్పుడప్పుడు ఫెయిల్ అయ్యేది. రెండు సర్వర్ల టైమ్ తేడా వల్ల అని నేను పట్టుకున్నా. సరిచేశాక మళ్లీ రాలేదు. దీన్ని ప్రొఫెషనల్‌గా రాసివ్వు." పైవాళ్లతో మీటింగ్‌కు నేను పట్టుకెళ్లింది ఆ నాలుగు ముక్కలే. అతని గురించి అక్కడ నేను మాట్లాడగలిగిందంతా వాటి వల్లే.

అప్పటి నుంచి ఒక ఆలోచన నన్ను వదలడం లేదు. ఈ టూల్స్ వచ్చాక రాసే శ్రమ తగ్గించుకున్నాం. చదివే శ్రమ తగ్గకపోగా పెరిగింది, పైగా అది ఎదుటివాళ్ల మీద పడింది. నా అభిప్రాయం ఇది: మీ బల్ల దగ్గర మీరు ఏఐని ఎంతైనా వాడుకోండి. ఇంకొకరి చేతికి ఇచ్చేది మాత్రం మీరు ప్రతి వాక్యం చదివి, దీని అర్థం ఏమిటని అడిగితే జవాబు చెప్పగలిగేదై ఉండాలి. అంత తీరిక లేనప్పుడు దానికి చెప్పిన ముక్కలే నాకూ చెప్పండి. అవి నాకు చాలు.

నేను ఈ టూల్స్‌కు దూరంగా ఉండే మనిషిని కాను. ఎక్సెల్ ఫార్ములాలు దాని చేతే రాయిస్తాను. పాత స్క్రిప్టు ఏం చేస్తోందో వివరించమంటాను. కాంట్రాక్టులో ఒక క్లాజు అర్థం కాకపోతే ముందు దాన్నడిగి, తర్వాత లీగల్ వాళ్లను అడుగుతాను, అప్పుడు సరైన ప్రశ్న అడగగలుగుతాను. వీటన్నిట్లో వచ్చిన జవాబు చదివేది నేనే, తప్పయితే నష్టం నాకే. నా గొడవంతా ఆ జవాబు నా బల్ల దాటి ఇంకొకరి ఇన్‌బాక్స్‌లోకి వెళ్లినప్పుడు మొదలవుతుంది.

చదివేవాళ్ల టైమ్

రాయడం కష్టమైన పని కావడం వల్ల ఒక మేలు ఉండేది. పది పేజీలు రాయాలంటే ఒక రోజు పోతుంది కాబట్టి, నిజంగా పది పేజీల విషయం ఉంటేనే ఎవరైనా కూర్చునేవాళ్లు. చదవడానికి అరగంట పట్టేది. ఒకరి రోజుకు ఇంకొకరి అరగంట. ఇప్పుడా పది పేజీలు నిమిషంలో వస్తాయి. చదవడానికి మాత్రం ఇప్పటికీ అరగంటే. ఎనిమిది మందికి పంపితే నాలుగు గంటలు. పంపినవారికి తాము అంత టైమ్ తీసుకున్నామన్న సంగతి కూడా తెలియదు, ఎందుకంటే వాళ్లకు పోయింది ఒక్క నిమిషమే.

ఈ దెబ్బ ముందుగా తిన్నవాళ్లు పత్రికల ఎడిటర్లు. చాట్‌జీపీటీ 2022 నవంబరు 30న వచ్చింది. క్లార్క్స్‌వరల్డ్ అనే సైన్స్ ఫిక్షన్ పత్రిక, మూడు నెలలు తిరక్కుండానే, 2023 ఫిబ్రవరి 20న కథలు తీసుకోవడం ఆపేయాల్సి వచ్చింది. ఆ నెలలో అప్పటికే మెషీన్ రాసిన కథలు 500 దాకా వచ్చిపడ్డాయి. తర్వాత నెలలో మళ్లీ తెరిచారనుకోండి. కానీ అన్నాళ్లూ నిజంగా కూర్చుని కథ రాసుకున్న కొత్త రచయితకు తలుపు మూసే ఉంది. అచ్చుకు పనికొచ్చే కథ వాటిలో లేకపోవచ్చు. లేదని తెలుసుకోవడానికైనా ఎవరో ఒకరు తెరిచి చదవాలి కదా.

ఇంటర్నెట్ మీద డేటా పంపడానికీ తెచ్చుకోవడానికీ వాడే కర్ల్ అనే ప్రోగ్రామ్ పేరు సాఫ్ట్‌వేర్‌లో లేనివాళ్లకు తెలియకపోవచ్చు గానీ, అది లేని ఫోనూ కంప్యూటరూ దొరకడం కష్టం. దాన్ని ఏళ్లుగా నడిపిస్తున్న డానియల్ స్టెన్‌బర్గ్ 2024 జనవరిలోనే తన బాధ రాసుకున్నారు. భద్రతా లోపం కనిపెట్టామంటూ, కనిపెట్టినవాళ్లకు ఇచ్చే బహుమతి డబ్బు కోసం ఏఐతో రాయించిన రిపోర్టులు వస్తున్నాయని. పూర్వం పనికిరాని రిపోర్టు చూడగానే తెలిసిపోయేది. ఇవి చక్కటి ఇంగ్లిష్‌లో, కోడ్ ముక్కలతో సహా, నిజం లోపంలాగే కనిపిస్తాయి కాబట్టి కొట్టిపారేయడానికి ఇంకా ఎక్కువ టైమ్ పడుతుంది. చెత్తగా కనిపించే చెత్త కంటే బాగా కనిపించే చెత్త చదివేవాడికి ఎక్కువ హాని చేస్తుందన్న సంగతి ఆయన అప్పుడే గుర్తించారు.

చాట్‌జీపీటీ కల్పించిన, అసలు లేని తీర్పుల్ని కోర్టులో ఉదహరించిన న్యూయార్క్ లాయర్ల కేసు అందరికీ తెలిసిందే. 2023 జూన్‌లో వాళ్లకు 5,000 డాలర్ల జరిమానా పడింది. ఆ కథ చెప్పుకున్నప్పుడల్లా అందరం ఆ లాయర్ల గురించే మాట్లాడుకుంటాం. నాకు మాత్రం అవతలి పక్షం లాయర్లు గుర్తొస్తారు. ఆ తీర్పులు ఎక్కడా దొరకడం లేదని కోర్టుకు చెప్పింది వాళ్లు. అలా చెప్పే ముందు వాళ్లు ఎన్నిచోట్ల వెతికి ఉంటారు, తాము సరిగ్గా వెతకలేదేమోనని ఎన్నిసార్లు అనుమానపడి ఉంటారు. ఆ గంటలకు ఎవరు లెక్క కట్టారు?

మామూలు ఆఫీసుల్లో ఇంత పెద్ద గొడవలు జరగవు. చిన్నగా, రోజూ జరుగుతుంది. 2025 సెప్టెంబరులో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో ఒక సర్వే వచ్చింది. అమెరికాలో 1,150 మంది ఉద్యోగులను అడిగితే, పైకి పనిలా కనిపించి లోపల ఏమీ లేని ఏఐ కాగితాలు గడిచిన నెలలో తమకు వచ్చాయని 40 శాతం మంది చెప్పారు. నాకు ఆశ్చర్యం వేయలేదు. ఇంకా ఎక్కువ ఉంటుందనుకున్నాను.

నున్నగా ఉంటే అయిపోయినట్టే అనిపిస్తుంది

నా స్నేహితురాలు ఒకామె ఇంటీరియర్ డిజైనర్. ఈ మధ్య ఆమె దగ్గరికి క్లయింట్లు మొదటి మీటింగ్‌కే ఏఐతో చేయించిన బొమ్మ పట్టుకుని వస్తున్నారట. ఒక బొమ్మ నాకు చూపించింది. చూడ్డానికి చాలా బాగుంది. గాల్లో తేలుతున్నట్టున్న మెట్లు, ఇటూ అటూ ఎండ, నేలంతా మెరుపు. కాస్త ఆగి చూస్తే, మెట్లు పైకి వెళ్లి గోడకు తగిలి ఆగిపోతాయి. వాటిని మోసేది ఏదీ లేదు. ఎండ ఒకే వేళ తూర్పు కిటికీలోంచీ పడమటి కిటికీలోంచీ పడుతోంది. ఇవి ఎందుకు కుదరవో చెప్పడంతోనే మొదటి మీటింగ్ అంతా అయిపోయిందని చెప్పింది.

అయినా ఆమె బాధ మెట్ల గురించి కాదు. ఇదివరకు ఆ మొదటి మీటింగ్‌లో క్లయింట్లు చేతిలో ఏమీ లేకుండా వచ్చి మాట్లాడేవాళ్లు. ఉదయం లేవగానే వెలుతురు కావాలనేవాళ్లు. పిల్లవాడు గోడల మీద గీస్తాడనేవాళ్లు. ఈ బొమ్మ తెచ్చిన క్లయింట్ తల్లికి మోకాళ్ల నొప్పులనీ, ఆవిడ అసలు మెట్లే ఎక్కలేరనీ మూడో మీటింగ్‌లో గానీ బయటపడలేదు. బొమ్మ అడిగినప్పుడు దానికి అమ్మ సంగతి చెప్పాలని ఆయనకు తోచలేదు, అది అడగలేదు. బొమ్మ చూశాక ఇల్లు ఎలా ఉండాలో తేలిపోయిందని ఆయన అనుకున్నారు.

ఆమె కూడా ఆ టూల్స్ వాడుతుంది. రాత్రి కూర్చుని రంగులు, వెలుతురు రకరకాలుగా మార్చి చూసుకుంటుంది, చూసినవి తీసేస్తుంది. క్లయింట్‌కు మాత్రం ఇప్పటికీ మొదట చూపించేది పెన్సిల్ స్కెచ్చే. "పెన్సిల్ గీత చూస్తే వేలు పెట్టి ఇక్కడ ఇలా మార్చండి అంటారు. ఫోటోలాంటిది చూపిస్తే బాగుంది, బాగోలేదు, అంతే" అంది. నేను ఈ విషయం మీద చదివిన వ్యాసాలన్నిటికంటే ఆ ఒక్క మాట నాకు ఎక్కువ పనికొచ్చింది.

ఏ పనిలోనైనా నునుపు చివర వచ్చేది. ముందు ఆలోచన, తర్వాత గజిబిజి డ్రాఫ్టు, కొట్టివేతలు, చివరికి సాపు కాపీ. అందుకే సాపుగా ఉన్న కాగితం చూడగానే దీని వెనక కొంత ఆలోచన జరిగిందని నమ్మేవాళ్లం, గజిబిజిగా ఉంటే ఇంకా మార్చొచ్చని తెలిసేది. ఇప్పుడు నునుపు మొదటి నిమిషంలోనే వచ్చేస్తోంది, ఆలోచన జరిగినా జరగకపోయినా. ఇందులో ఏఐ మోడల్ తప్పేమీ లేదు, దాన్ని తయారుచేసిన తీరే అది. ముందు వచ్చిన మాటల్ని బట్టి తర్వాత రాదగ్గ మాటను అంచనా కట్టడం దాని పని. ఆ పైన మనుషులు ఇచ్చే మార్కుల ఆధారంగా దానికి తర్ఫీదు ఇస్తారు. ఆ మార్కులు పొడుగు జవాబుల వైపు మొగ్గుతుంటాయని పరిశోధకులు గుర్తించారు. కాబట్టి మీరు నాలుగు ముక్కలు ఇచ్చినా, నలభై ఇచ్చినా నిండుగానే రాస్తుంది. లోపల విషయం తక్కువైతే ఆ ఖాళీని అందరూ ఎక్కువగా వాడే మాటలతో నింపుతుంది. గడియారాల తేడా కాస్తా "వ్యవస్థల విశ్వసనీయత"గా మారింది అందుకే.

కథల విషయంలో ఇదే జరుగుతుందని అనిల్ దోషి, ఆలివర్ హౌసర్ అనే పరిశోధకులు 2024లో సైన్స్ అడ్వాన్సెస్ పత్రికలో చూపించారు. ఏఐ దగ్గర ఐడియాలు తీసుకుని చిన్న కథలు రాసినవాళ్లకు విడివిడిగా చూస్తే మంచి మార్కులే వచ్చాయి. సృజన కాస్త తక్కువ ఉన్నవాళ్లకు ఇంకా ఎక్కువ మేలు జరిగింది. కానీ ఆ కథలన్నీ పక్కపక్కన పెడితే ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయి. నా బల్ల మీది అప్రైజల్స్ కూడా అంతే. ఏ ఒక్కటీ విడిగా చూస్తే బాగోలేదని అనలేను.

ఎవరూ అనని మాట నోట్సులో

మీటింగ్ నోట్సు వాటంతటవే రాసే టూల్స్ ఇప్పుడు చాలా ఆఫీసుల్లో ఉన్నాయి. టైపు చేసే బాధ తప్పినందుకు అందరం సంతోషించాం, నేను కూడా. ఒకసారి ఒక మీటింగ్‌లో మా టీమ్‌కూ ఇంకో టీమ్‌కూ ఒక డేటా తరలింపు గురించి గట్టిగానే వాదన జరిగింది. పాత డేటాను ఉంచాలని మేము, తీసేయాలని వాళ్లు. ఏమీ తేలలేదు. టైమ్ అయిపోయింది, అవతలి మేనేజర్ "సరే, దీని మీద మళ్లీ మాట్లాడదాం, ముందుకు పోదాం" అన్నారు. నోట్సులో ఏం వచ్చిందంటే, చర్చ అనంతరం ఇరు బృందాలు ముందుకు వెళ్లడానికి అంగీకరించాయి అని.

ఆ నోట్సు అందరికీ మెయిల్‌లో వెళ్లింది. ఎవరూ తెరిచి చదవలేదు, మీటింగ్‌లో ఉన్నవాళ్లం కదా, ఏం జరిగిందో తెలుసు కదా అని. కొన్ని వారాల తర్వాత, మీటింగ్‌లో లేని ఒకావిడ ఆ నోట్సు చూసుకుని డేటా తీసేసే పని షెడ్యూల్ చేసేశారు. అదృష్టం కొద్దీ ముందు రోజు ఒక మెయిల్ పెట్టారు కాబట్టి ఆగింది. ఆవిడ తప్పు రవ్వంత లేదు. రాతలో ఉన్నదాన్ని నమ్మారు.

ఇదే పని ఒక మనిషి చేసుంటే? మినిట్స్ రాసే కుర్రవాడు ఆ చోట ఆగేవాడు. నా దగ్గరికి వచ్చి, ఇది తేలినట్టా తేలనట్టా అని అడిగేవాడు. అతనికి తెలియకపోవడం వల్లే ఆ ప్రశ్న పుట్టేది. మెషీన్ అలా ఆగదు. గొంతులో ఉన్న విసుగూ, మాటకూ మాటకూ మధ్య మౌనమూ దాని వాక్యంలోకి ఎక్కవు. గొడవను కూడా నున్నగానే రాస్తుంది.

ఇప్పుడు ఇంకో అలవాటు మొదలైంది. ఒకరు రెండు ముక్కలిచ్చి రెండు పేజీలు చేయించి పంపుతారు, అవతలివారు ఆ రెండు పేజీల్ని మళ్లీ రెండు ముక్కల్లో చెప్పమని అదే టూల్‌ను అడుగుతారు. బయల్దేరిన రెండు ముక్కలూ చేరిన రెండు ముక్కలూ ఒకటే అయితే ఫర్వాలేదు. ఒకటి కావు. మధ్యలో ఒక అంకె పోతుంది, ఒక "బహుశా" పోతుంది. పోయిందని ఇద్దరిలో ఎవరికీ తెలియదు.

పరిశోధనలు నాకు అడ్డంగా ఉన్నచోట

ఏఐ వాడితే పని బాగా, త్వరగా అవుతుందని గట్టి ఆధారాలే ఉన్నాయి. వాటిని పక్కన పెట్టి మాట్లాడడం నిజాయితీ కాదు. ఎంఐటీకి చెందిన షకెడ్ నాయ్, విట్నీ జాంగ్ 2023లో సైన్స్ పత్రికలో వేసిన ప్రయోగంలో, మెయిళ్లు, రిపోర్టులు రాసే పని ఇస్తే చాట్‌జీపీటీ వాడినవాళ్లకు టైమ్ 40 శాతం తగ్గింది, నాణ్యత మార్కులు 18 శాతం పెరిగాయి. ఇది చిన్న విషయం కాదు. అదే అధ్యయనంలో ఇంకో సంగతి ఉంది. వాడినవాళ్లలో దాదాపు మూడింట రెండొంతుల మంది వచ్చింది వచ్చినట్టే పంపేశారు. అయినా మార్కులు పెరిగాయి కదా అని మీరు అడగొచ్చు. అక్కడ మార్కులు వేసినవారి పని మార్కులు వేయడంతో అయిపోయింది. ఆఫీసులో మెయిల్ చదివినవాళ్ల పని అక్కడే మొదలవుతుంది. దాన్ని నమ్ముకుని ఏదో ఒకటి చేయాలి, డేటా తీసేయడమో, ఒకరికి ప్రమోషన్ అడగడమో.

ఎరిక్ బ్రిన్యోల్ఫ్‌సన్, డానియెల్ లీ, లిండ్సే రేమండ్ చేసిన ఇంకో అధ్యయనం నన్ను నిజంగా ఆలోచనలో పడేసింది. 5,000 మందికి పైగా కస్టమర్ సపోర్ట్ ఉద్యోగుల పని చూశారు వాళ్లు. ఏఐ సలహాలు అందాక గంటకు తేల్చిన సమస్యలు సగటున దాదాపు 15 శాతం పెరిగాయి. కొత్తవాళ్లకూ, వెనకబడినవాళ్లకూ మూడో వంతు దాకా పెరిగాయి. ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లకు పెద్ద తేడా లేదు. అనుభవజ్ఞుల నేర్పు కొత్తవాళ్ల చేతికి అందడం ఎంత మంచిదో చెప్పక్కర్లేదు. కానీ ఆ పని జరిగే తీరు చూడండి. సలహా ముందు ఉద్యోగి కళ్ల ముందుకు వస్తుంది. పంపాలా వద్దా, మార్చాలా అన్నది ఆ మనిషి చేతిలో ఉంది. తప్పు పంపితే అవతల కస్టమర్ ఆ నిమిషంలోనే అడుగుతాడు. బాధ్యత ఎవరిదో అక్కడ స్పష్టంగా ఉంది. ఏఐ వద్దని కాదు, ఇలా వాడమనే నేనూ అంటున్నది.

మనకు టైమ్ కలిసొచ్చిందన్న అంచనాను కూడా నేను అంత తేలిగ్గా నమ్మను. మెట్ర్ అనే సంస్థ 2025లో 16 మంది అనుభవం ఉన్న ఓపెన్‌సోర్స్ డెవలపర్ల మీద చేసిన ప్రయోగంలో, ఏఐ వల్ల పని 20 శాతం త్వరగా అయిందని వాళ్లు అనుకున్నారు. కొలిచి చూస్తే 19 శాతం ఆలస్యమైంది. పదహారు మందే కాబట్టి దాన్ని అందరికీ వర్తింపజేయలేం. మన సొంత టైమ్ విషయంలోనే మన అంచనా ఇంతగా తప్పగలిగితే, ఎదుటివాళ్ల దగ్గర మనం తీసుకునే టైమ్ గురించి మనకేం తెలుస్తుంది?

భాష చేతిలో లేనివాళ్ల మాటేమిటి

ఇక్కడ నా వాదన నాకే కష్టంగా ఉంటుంది. మా టీమ్‌లో ఒకమ్మాయి టెస్టింగ్ చేస్తుంది. ఎవరికీ కనిపించని లోపాలు ఆమెకు కనిపిస్తాయి. ఇంగ్లిష్ రాయడమంటే భయం. ఇదివరకు పెద్ద మెయిల్ గొలుసుల్లో ఆమె మాట వినిపించేదే కాదు. చెప్పాల్సింది నా సీటు దగ్గరికి వచ్చి చెబితే, నేను రాసేవాడిని, పేరు నాకు వచ్చేది. ఇప్పుడు ఏఐ చేత సరిచేయించి తనే రాస్తోంది. పైవాళ్లు ఆమె పేరు పెట్టి అడుగుతున్నారు. ఆమెతో నువ్వు గజిబిజిగానే పంపమ్మా అని నేను ఎలా అనగలను?

ఇంకో నిజం కూడా ఉంది. పెద్ద పదవిలో ఉన్నవాళ్లు రెండు ముక్కల్లో, తప్పులతో మెయిల్ పెడితే సూటిగా మాట్లాడే మనిషి అంటారు. అదే మెయిల్ కొత్తగా చేరిన పిల్లలు పెడితే రాయడం కూడా రాదంటారు. అంటే గజిబిజిగా పంపే స్వేచ్ఛ అందరికీ సమానంగా లేదు. నాలాంటివాళ్లు నునుపు వద్దు అనడం తేలిక, మా మాట ఎలాగూ వింటారు కాబట్టి.

దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఆమెతో కూర్చుని మాట్లాడాక ఒక దారి దొరికింది. భాష సరిచేయించడం వేరు, విషయం పెంచమనడం వేరు. ఆమె ఇప్పుడు తన పాయింట్లు తెలుగులోనే చెబుతుంది. ఇంతకంటే ఒక్క కొత్త మాట కలపకుండా ఇంగ్లిష్‌లో పెట్టమంటుంది, వచ్చినదాన్ని తన పాయింట్లతో పోల్చుకుని పంపుతుంది. తెలుగులో చెప్పడం మొదట్లో అంత సాఫీగా సాగేది కాదు, మోడల్ మన మాటల్ని చదువుకోవడానికి టోకెన్లు అనే చిన్న ముక్కలుగా విరిచేటప్పుడు మన లిపి మరీ ముక్కలు ముక్కలయ్యేది. 2024 మేలో జీపీటీ-4ఓ అనే మోడల్ వచ్చినప్పుడు, దాన్ని తయారుచేసిన ఓపెన్‌ఏఐ ఇచ్చిన ఉదాహరణలోనే, ఒక తెలుగు సందేశానికి ఇదివరకు 159 టోకెన్లు పడితే కొత్తదానికి 45 చాలాయి. ఇప్పుడు ఆమె మామూలుగా మాట్లాడినట్టే చెబుతోంది. మెయిళ్లు చిన్నవయ్యాయి. చదివితే ఆమె మాట్లాడినట్టే ఉంటున్నాయి.

ఇక నా వైపు నుంచి నేను చేయగలిగింది ఒకటుంది. టీమ్‌కు నేను పెట్టే మెయిళ్లు కావాలనే చిన్నవిగా, పాయింట్లుగా పెడుతున్నాను. పెద్దవాళ్లం ముందు అలా పంపితే గానీ చిన్నవాళ్లకు ధైర్యం రాదు.

అడగమంటే బాగా అడుగుతుంది

రాయమనే కంటే నన్ను ప్రశ్నలు అడగమన్నప్పుడు ఈ టూల్స్ నాకు ఎక్కువ పనికొచ్చాయి. మా ఆఫీసులో ఒక పెద్దాయన రిటైర్ అవుతుంటే నన్ను మాట్లాడమన్నారు. స్పీచ్ రాయమంటే ఎవరికైనా సరిపోయే స్పీచ్ వచ్చేది. అందుకని ఆయన గురించి నన్ను ఇంటర్వ్యూ చెయ్యి, ఒక్కొక్క ప్రశ్నే అడుగు అన్నాను. మొదటివి మామూలు ప్రశ్నలే. తర్వాత, ఆయనకు కోపం వచ్చినప్పుడు ఏం చేసేవారు అని అడిగింది. అప్పుడు గుర్తొచ్చింది నాకు. కోపం వస్తే ఆయన ఒక్క మాటా అనకుండా వాటర్ బాటిల్ తీసుకుని బయటికి వెళ్లి, వరండా చివరిదాకా నడిచి, తిరిగి వచ్చి కూర్చుని, "సరే, మొదట్నుంచి చెప్పు" అనేవారు. మాలో ఆ మాట వినని మనిషి లేడు. స్పీచ్‌లో నేను చెప్పింది ముఖ్యంగా అదే. ఆ ప్రశ్న నాకు నేనుగా వేసుకునేవాడిని కాదేమో. జవాబు మాత్రం దాని దగ్గర ఉండే అవకాశమే లేదు.

ఆఫీసు కాగితాలకూ ఇదే పద్ధతి. నా డ్రాఫ్టు ఇచ్చి, చదివేవారు ఎక్కడ ఆగి నన్ను ప్రశ్న వేస్తారో చెప్పమంటాను. తీసేయదగ్గ వాక్యాలు చూపించమంటాను, కలపొద్దంటాను. కలపొద్దన్నా కొన్నిసార్లు కలుపుతుంది, మళ్లీ చెప్పాలి. మీటింగ్ నోట్సు విషయంలో, వెళ్లే ముందు ఒకరు చదివి, తేలినవీ తేలనివీ విడగొట్టి, కింద తమ పేరు పెట్టాలని మా టీమ్‌లో అనుకున్నాం. పేరు పెట్టాలి అనేసరికి అందరూ చదువుతున్నారు.

ఎక్కడ కుదరడం లేదంటే, బయటి క్లయింట్లకు పంపే ప్రపోజల్స్ దగ్గర. రెండు పేజీల్లో చెప్పగలిగింది రెండు పేజీల్లో పంపితే పోటీలో తూగదు. అవతలివాళ్ల చెక్‌లిస్టులో ఇన్ని సెక్షన్లు ఉండాలని ఉంటుంది. అక్కడ నేనూ ఏఐ వాడుతున్నాను, వాడక తప్పడం లేదు. మొదటి పేజీ మాత్రం నేనే రాస్తాను. ఏం చేస్తాం, ఎప్పటికి చేస్తాం, ఏది మా వల్ల కాదు అన్నవి ఆ పేజీలో ఉంటాయి. మిగతా పేజీల్లో ఎవరు ఏ వాక్యం మీద వేలు పెట్టి అడిగినా జవాబు చెప్పాల్సింది నేనే కాబట్టి, పంపే ముందు రోజు ఇంకో పని పెట్టుకోకుండా మొత్తం చదువుతాను. చదివిన ప్రతిసారీ కొన్ని పేజీలు తగ్గుతున్నాయి.